మాట ముందా, మూతి ముందా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే బాపతు. బొమ్మ ఒకదారి, సౌండు ఇంకోదారి. అందుకే మిగతావి వచ్చే సంచికకు పక్కనపెట్టి వీటినే ఒకచోట చేర్చాను. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరివీ వేయలేదు, ఊళ్లు మాత్రం ఉంచాను.

*ప్రశ్న: సార్, మాది తెనాలి. పెళ్లిళ్లకు వీడియో తీస్తాం, మూడేళ్ల నుంచి లైవ్ కూడా ఇస్తున్నాం. కెమెరా బొమ్మ క్యాప్చర్ కార్డు ద్వారా ల్యాప్‌టాప్‌కి వస్తుంది. సౌండు మాత్రం మైకు సెట్టు వాళ్ల మిక్సర్ నుంచి విడిగా యూఎస్‌బీ సౌండ్ కార్డుతో తీసుకుంటాం. ఎదురుకోలు టైములో అంతా బాగుంటుంది. నాలుగైదు గంటలు గడిచి తలంబ్రాలకు వచ్చేసరికి పంతులుగారి నోరు ఒకచోట, మంత్రం ఇంకోచోట. మొన్న పెళ్లికూతురి అన్నయ్య అమెరికా నుంచి ఫోన్ చేసి మరీ తిట్టాడు. నెట్ మార్చి చూశాం, అయినా అంతే.*

నెట్‌ని వదిలేయండి, పాపం దాని తప్పేం లేదు. జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మొదట్లో బాగుండి పోనుపోను తేడా పెరుగుతోంది అన్నారు చూడండి, అదే అసలు సంగతి. నెట్ వల్ల వచ్చే తేడా ఒక నిమిషం ఉంటుంది, ఒక నిమిషం పోతుంది, దానికో పద్ధతీ పాడూ ఉండదు. గంటగంటకీ కొలిచినట్టు పెరిగిందంటే మీ దగ్గర రెండు గడియారాలు నడుస్తున్నాయని అర్థం.

కెమెరాలో కాలం కొలిచే క్రిస్టల్ ఒకటి ఉంటుంది, సౌండ్ కార్డులో ఇంకొకటి. సౌండ్ కార్డు తాను సెకనుకు 48,000 సార్లు సౌండును కొలుస్తున్నాననే అనుకుంటుంది, కాకపోతే దాని సెకనూ కెమెరా సెకనూ ఒకటి కావు. మామూలు క్రిస్టల్ పది లక్షలకు 50 వంతులు అటో ఇటో ఉండొచ్చు. వినడానికి ఇదో లెక్కా అనిపిస్తుంది కానీ గంటకు 3,600 సెకన్లు కదా, గుణించి చూడండి, 180 మిల్లీసెకన్లు వస్తుంది. నాలుగు గంటలకు 720. ఒక గడియారం ముందుకూ రెండోది వెనక్కీ నడిచిందనుకోండి, అప్పుడు దానికి రెట్టింపు, అంటే దాదాపు సెకనున్నర. తిట్టాడంటే తిట్టడా మరి.

లైవ్ ఇచ్చే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో సింక్ ఆఫ్‌సెట్ అని ఒకటుంటుంది, ఇన్నాళ్లూ మీరు దాన్నే తిప్పుతూ ఉండుంటారు. సౌండును ఎంత జరపాలో చెప్పే ఒకే అంకె అది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకేలా ఉండే తేడాకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, పెరిగే తేడాకు పనికిరాదు. మీరు చేయాల్సింది వేరే ఉంది: మిక్సర్ నుంచి వచ్చే వైరును ల్యాప్‌టాప్‌కి కాకుండా కెమెరా మైక్ సాకెట్‌కే ఇవ్వండి. మిక్సర్ లెవెల్ బాగా తగ్గించి ఇవ్వాలి సుమా, లేకపోతే సన్నాయి పగిలిపోతుంది. అప్పుడు సౌండును కూడా కెమెరాయే తన గడియారంతో కొలిచి, బొమ్మతో కలిపి అదే హెచ్‌డీఎంఐ వైర్లో పంపిస్తుంది. రెండు మూడు కెమెరాల బొమ్మలు మార్చే స్విచర్ వాడుతుంటే స్విచర్‌కే ఆడియో ఇవ్వండి. ఇక పెళ్లి తెల్లవార్లూ జరిగినా తేడా పెరగదు. నమ్మకం కుదరకపోతే గంటకోసారి మైకు దగ్గర ఒక కుర్రాణ్ని నిలబెట్టి కెమెరాకు కనిపించేలా ఒక్క చప్పట్టు కొట్టించండి, తర్వాత రికార్డింగులో చేతులు కలిసిన ఫ్రేమూ చప్పుడూ ఒకచోట ఉన్నాయో లేదో చూసుకోండి. షూటింగుల్లో క్లాప్ కొట్టేది కూడా ఇందుకే.

ఎంత తేడా వస్తే జనం పట్టేస్తారు అంటే, 1998లో అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ టీవీ ప్రసారాల కోసం లెక్క కట్టింది. సౌండు బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు, తెలిసిపోతుంది. అదే వెనకబడితే 125 దాకా తెలియదు. ఈ రెండు అంకెలూ ఒకటి కాకపోవడానికి కారణం మన ఊళ్లలోనే ఉంది. చెరువు అవతలి గట్టున చాకిరేవు బండ మీద బట్ట పడటం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. 340 మీటర్ల దూరమైతే సెకను తర్వాత. పుట్టినప్పటి నుంచి అలా చూసీ చూసీ ఆలస్యంగా వచ్చే చప్పుడును మన బుర్ర సర్దేసుకుంటుంది. బట్ట బండకు తగలకముందే చప్పుడు వినడం మాత్రం ఎవరికీ అలవాటు లేదు. మా మేనకోడలి పెళ్లి లైవ్‌లో ఇలాగే పంతులుగారు చెయ్యెత్తకముందే గట్టిమేళం మోగిపోయింది, టీవీ ముందు కూర్చున్న మా పెద్దమ్మ ముహూర్తం దాటిపోయిందేమోనని గాభరా పడింది. కాబట్టి ఎటూ తేలకపోతే సౌండును ఓ పిసరు వెనక్కే ఉంచండి.

*ప్రశ్న: కింది ఫ్లోరు వాళ్లు డిష్ పెట్టుకుని మ్యాచ్ చూస్తారు, నేను యాప్‌లో చూస్తాను. బౌలర్ ఇంకా రనప్‌లో ఉండగానే కింద ఈలలు, అరుపులు. నాది కొత్త ఫైబర్ కనెక్షన్, వాళ్లది పదేళ్లనాటి డిష్. ఇదేం అన్యాయమండీ? (మియాపూర్, హైదరాబాద్)*

డిష్‌కి సిగ్నల్ ఇచ్చే ఉపగ్రహం భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల పైన ఉంటుంది. అంత ఎత్తుకు వెళ్లి దిగి రావడానికి సిగ్నల్‌కు పట్టేది పావు సెకను, అంతే. బొమ్మను కుదించి పంపడం, ఇక్కడ విప్పడం కలుపుకున్నా ఆ దారిలో ఎక్కడా బండి ఎక్కువసేపు ఆగదు.

మీ యాప్ సంగతి అది కాదు. చాలా యాప్‌లు మ్యాచ్‌ను ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ మామూలు వెబ్ ఫైలులా సర్వర్ల మీద పెడతాయి. 2009లో యాపిల్ హెచ్ఎల్ఎస్ పేరుతో తెచ్చిన పద్ధతి ఇది. మొదట్లో పది సెకన్ల ముక్కలు, తర్వాత ఆరుకు దిగింది. ఆరు సెకన్ల ముక్క తయారవ్వాలంటే ముందు ఆరు సెకన్ల ఆట జరిగిపోవాలి కదా. పైగా మధ్యలో ఆగిపోకుండా మీ ప్లేయర్ మూడు ముక్కలు చేతిలో పెట్టుకుని గానీ మొదలుపెట్టదు, అక్కడికే 18 సెకన్లు. వికెట్ పడి, రివ్యూ అడిగి, బ్యాట్స్‌మన్ సగం దూరం నడిచేంత టైము. ఫైబర్ ఎంత వేగంగా ఉన్నా లాభం లేదు, ఇంకా పుట్టని ముక్కను అది తేలేదు. ముక్కను మళ్లీ చిన్న తునకలు చేసి వెంటవెంటనే పంపే పద్ధతి 2019లో వచ్చింది. అది వాడే చోట ఆలస్యం కొన్ని సెకన్లకు తగ్గుతుంది, కాకపోతే చేతిలో నిల్వ తగ్గేకొద్దీ గిర్రున తిరిగే చక్రం ఎక్కువసార్లు కనిపిస్తుంది.

ఒకటి గమనించారా, మీ ఫోన్‌లో బొమ్మా కామెంటరీ చక్కగా కలిసే ఉన్నాయి. కలవనిది మీ ఇల్లూ కింది ఇల్లూ. ఆ రెండింటినీ కలపమని ఎవరూ ఎవరికీ డబ్బులివ్వలేదు. మంచి మ్యాచ్ ఉన్నరోజు మిర్చిబజ్జీలు పట్టుకుని కిందికే వెళ్లండి.

*ప్రశ్న: అన్నా, కాకినాడలో బీటెక్ ఫైనలియర్. వైవాలో ఒకటే అడిగారు: ఆడియో ప్యాకెట్ మీదా వీడియో ప్యాకెట్ మీదా ఆర్‌టీపీ టైమ్‌స్టాంపు ఉంది కదా, రెండూ పోల్చేస్తే సరిపోదా, మళ్లీ ఆర్‌టీసీపీ దేనికి? నోరు పెగల్లేదు.*

ఫర్వాలేదు తమ్ముడూ, వాళ్లు అడిగింది మంచి ప్రశ్న. (తెలియనివాళ్ల కోసం: నెట్‌లో సౌండునూ బొమ్మనూ ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా పంపే పద్ధతి ఆర్‌టీపీ, దానితోపాటే సమాచారం మోసుకొచ్చేది ఆర్‌టీసీపీ.) ఆ టైమ్‌స్టాంపు అనే పేరే మోసం చేస్తుంది. అది టైము చెప్పదు, లెక్క చెబుతుంది.

ముందు ఒక పాత కథ విను. తొంభైల్లో మన థియేటర్ల బయట డీటీఎస్ అని పెద్ద బోర్డులు పెట్టేవారు, మీ నాన్నగారిని అడిగితే చెబుతారు. 1993లో మొదలైన ఆ పద్ధతిలో డిజిటల్ సౌండు రీలు మీద ఉండేది కాదు, విడిగా సీడీల్లో ఉండేది. రీలు మీద బొమ్మ పక్కన సన్నటి గీతలతో టైమ్‌కోడ్ మాత్రం అచ్చు వేసేవారు. ప్రొజెక్టర్ ఆ గీతల్ని చదివి, ఇప్పుడు ఇక్కడున్నాం అని చెబితే సీడీ ప్లేయర్ సరిగ్గా అక్కడి సౌండు వినిపించేది. ఆపరేటరు తెగిన రీలు అతికించేటప్పుడు నాలుగు ఫ్రేములు ఎగిరిపోయినా, గీతల్లో అంకె గెంతుతుంది కాబట్టి సౌండు కూడా దానితోపాటే గెంతేది. రెండు వేర్వేరు దారుల్లో వచ్చేవాటిని కలపాలంటే రెండిటికీ అర్థమయ్యే ఒకే కాలం గుర్తు కావాలి. నీ ప్రశ్నకు జవాబు కూడా అంతే.

ఇప్పుడు ఆర్‌టీపీకి రా. 1996లో మొదటిసారి, 2003లో సవరించి ప్రమాణంగా రాశారు, హెనింగ్ షుల్‌జ్రినే, స్టీఫెన్ కాస్నర్, రాన్ ఫ్రెడరిక్, వాన్ జేకబ్‌సన్ కలిసి. అందులో ఆడియోకు ఒక గడియారం, వీడియోకు ఇంకో గడియారం. ఓపస్ అనే పద్ధతిలో కుదించిన ఆడియో అయితే సెకనుకు 48,000 అంకెలు తిరుగుతాయి, వీడియోకు 90,000. (90,000 ఎందుకంటే, 24తో భాగిస్తే 3,750, 25తో 3,600, 30తో 3,000, అమెరికా టీవీల 29.97తో కూడా 3,003. సెకనుకు ఎన్ని ఫ్రేములో చెప్పే ఈ రేట్లన్నిటికీ మిగులు లేకుండా సరిపోతుంది. ఇది చెప్పి ఉంటే ఎగ్జామినర్ టీ ఇప్పించేవాడు.) పైగా రెండూ సున్నా నుంచి మొదలవ్వవు, ఒక్కోటీ ఇష్టమొచ్చిన అంకె నుంచి మొదలవుతుంది. ఆడియోలో 12,48,000, వీడియోలో 8,35,000 అని కనిపిస్తే ఏది ముందో ఎలా చెబుతావు? చెప్పలేవు.

ఇక్కడే ఆర్‌టీసీపీ పనికొస్తుంది. పంపేవాడు అప్పుడప్పుడూ సెండర్ రిపోర్టు అని ఒక చీటీ పంపుతాడు. ఆడియో చీటీలో ఇలా ఉందనుకో: నా గోడ గడియారంలో 10:15:30 అయినప్పుడు ఆడియో అంకె 12,00,000. నీ దగ్గరున్న ప్యాకెట్ అంకె 12,48,000, తేడా 48,000, అంటే ఒక సెకను. కాబట్టి ఆ మాట 10:15:31కి పలికింది. వీడియో చీటీలో 10:15:29.5కి అంకె 7,00,000 అని ఉంది. నీ ఫ్రేము 8,35,000, తేడా 1,35,000, దాన్ని 90,000తో భాగిస్తే సెకనున్నర. కలుపు: 10:15:31. అంటే ఆ ఫ్రేములో విచ్చుకున్న పెదవులూ ఆ ప్యాకెట్‌లోని మాటా ఒకే క్షణానివి, రెండిటినీ ఒకేసారి వదలాలి. ఆ ఆడియో, ఆ వీడియో ఒకే మనిషివి అని తెలియడానికి చీటీలతో పాటు సీనేమ్ అనే గుర్తింపు కూడా వస్తుంది.

చీటీ అందేదాకా అసలు కలిపే దారే లేదు కాబట్టి కొన్ని కాల్స్‌లో మొదటి కొన్ని సెకన్లు పెదవులు కలవక, తర్వాత టక్కున సర్దుకుంటాయి. ఇంకో తమాషా, పంపేవాడి గోడ గడియారం గంట తప్పున్నా నష్టం లేదు, రెండు చీటీలూ అదే తప్పు గడియారం చూసి రాసినవే కదా. వేర్వేరు చోట్ల ఉన్న రెండు యంత్రాల నుంచి వస్తేనే ఆ గడియారాలు నిజంగా కలవాలి. అందుకు 1985 నుంచి డేవిడ్ మిల్స్ రూపొందించిన ఎన్‌టీపీ ఉంది, స్టూడియోలకైతే మైక్రోసెకను లోపు కలిపే పీటీపీ ఉంది. ఈసారి వైవాలో చీటీ లెక్క బోర్డు మీద వేసి చూపించు, ఇంకేం అడగరు.

*ప్రశ్న: ఇంట్లో 100 ఎంబీపీఎస్ ప్లాన్. అయినా ఆఫీసు కాల్స్‌లో మాట ముక్కలవుతుంది, ఒక్కోసారి సాగినట్టు వినిపిస్తుంది, ఒక్కోసారి ఎవరో గబగబా మాట్లాడినట్టు. కంపెనీ వాడికి ఫోన్ చేస్తే స్పీడ్ టెస్ట్ చూపించి బాగానే ఉందంటాడు. (హనుమకొండ)*

వాడు చెప్పింది అబద్ధం కాదు, మీకు పనికొచ్చేదీ కాదు. పాత టెలిఫోన్ నాణ్యతలో మాటకు కావాల్సింది 64 కేబీపీఎస్, ఇప్పటి పద్ధతుల్లో అంతకన్నా తక్కువే. దారి వెడల్పు మీకు ఎప్పుడో సరిపోయింది, కావాల్సింది నిలకడ.

మీ మాటను 20 మిల్లీసెకన్ల తునకలు చేసి సెకనుకు 50 ప్యాకెట్లు పంపుతారు. ఇక్కణ్నుంచి అన్నీ సమానమైన ఎడంతోనే బయల్దేరతాయి. అక్కడికి చేరేటప్పుడు మాత్రం సిటీ బస్సుల్లా వస్తాయి, అరగంట ఒక్కటీ రాదు, తర్వాత మూడు వరసగా వస్తాయి. అందుకని అవతలి యాప్ వచ్చిన ప్యాకెట్‌ను వెంటనే వినిపించదు, కాసేపు ఆపి వరసపెట్టి వదులుతుంది. ఎంతసేపు ఆపాలి అన్నదే మొత్తం విద్య. తక్కువ ఆపితే ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్ చెత్తబుట్టలోకి, మాట ముక్కలు. ఎక్కువ ఆపితే ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ మీరు చెప్పండి, లేదు మీరే చెప్పండి అనుకోవడమే సరిపోతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటనివ్వొద్దని ఐటీయూ సలహా.

అందుకే యాప్ పరిస్థితిని బట్టి ఆ ఆపే సమయాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. నిల్వ అయిపోయేలా ఉంటే ఉన్న మాటనే కాస్త సాగదీస్తుంది, ప్యాకెట్లు గుంపుగా వచ్చిపడితే కాస్త వేగంగా వినిపించి బాకీ తీర్చేస్తుంది. గొంతు శ్రుతి మారకుండానే చేస్తుంది కాబట్టి చాలామందికి తెలియదు. మీకు తెలిసిందంటే చెవి మంచిదే, నెట్‌లో ఒడిదుడుకులు కూడా గట్టిగానే ఉన్నాయి. పరిస్థితి మరీ పాడైతే చాలా యాప్‌లు బొమ్మను గాలికొదిలి మాటను కాపాడతాయి, అది సరైన పనే, మీటింగులో మన మొహం చూడకపోతే ఎవరికీ నష్టం లేదు.

ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కి వైరుతో కలపండి. కుదరకపోతే వైఫైలో 5 గిగాహెర్ట్జ్‌కి మారండి. ఇంట్లో ఎవరి ఫోనో సరిగ్గా ఆ టైముకే ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తూ ఉంటుంది, అది ఆపండి. అప్‌లోడ్ నిండిపోతే మీ మాటల ప్యాకెట్లు రౌటర్‌లో ఫొటోల వెనక క్యూలో నిలబడతాయి. నా అనుభవంలో సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోయాయి.

*ప్రశ్న: బాబూ, విజయనగరంలో సంగీతం చెబుతాను. డాలస్‌లో ఉన్న ఇద్దరు పిల్లలకు వీడియో కాల్‌లో పాఠం. నాతో కలిసి పాడమంటే తాళం తప్పుతున్నారు. వాళ్లమ్మేమో పిల్లలు అక్కడ సరిగ్గానే వేస్తున్నారు అంటుంది. ఎవరి మాట నిజం?*

ఇద్దరిదీ నిజమేనమ్మా. పిల్లలు మీ పాట వినగానే దానితో కలిపే పాడుతున్నారు. అది మళ్లీ మీ దాకా వచ్చేసరికి మీరు ముందుకెళ్లిపోయారు.

విజయనగరం నుంచి డాలస్ సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజు తీగలో వెలుతురు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే నేరుగా తీగ లాగినా వెళ్లడానికే 70 మిల్లీసెకన్లు, రావడానికి ఇంకో 70. సముద్రంలో కేబుళ్లు నేరుగా పోవు, పైన చెప్పిన ఆపడాలన్నీ కలవాలి. రానూపోనూ అర సెకను అనుకుందాం. మీరు సరళీ వరసలు మూడో కాలంలో, దెబ్బకు నాలుగు స్వరాల చొప్పున, సెకనుకో దెబ్బ వేసి పాడుతున్నారనుకోండి. ఒక్కో స్వరానికి 250 మిల్లీసెకన్లు. మీరు గాంధారం మీద ఉండగా మీ చెవిలో పిల్ల షడ్జమం మీద ఉంటుంది. పిల్ల తప్పేముంది?

ఇంతకన్నా పాడు పని ఇంకోటుంది. పాపం వెనకబడింది కదా అని మీరు కాస్త నెమ్మదిస్తారు, అది విని పిల్ల ఇంకా నెమ్మదిస్తుంది, ఇద్దరి మధ్యా కాలం జారిపోతుంది. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్ చేఫ్ అనే సంగీత పరిశోధకుడి బృందం ఇద్దరిద్దరిని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, మధ్యలో ఆలస్యం మారుస్తూ కలిసి చప్పట్లు కొట్టించి చూసింది. ఆలస్యం ఎక్కువైతే లయ నెమ్మదిస్తుంది, మరీ తక్కువైతే విచిత్రంగా పరుగెత్తుతుంది. కలిసి వాయించడానికి పాతిక ముప్ఫై మిల్లీసెకన్లే హద్దు అంటారు, అంటే ఒకే హాల్లో ఎనిమిది నుంచి పది మీటర్ల ఎడంలో కూర్చున్నట్టు. దూరంగా ఉండి కచేరీ చేసేవాళ్ల కోసం వాళ్లే జాక్‌ట్రిప్ అనే సాఫ్ట్‌వేర్ కూడా చేశారు, కానీ అది డాలస్‌ను విశాఖ పక్కకు తీసుకురాలేదు. వెలుతురును ఎవరూ తోయలేరు.

కాబట్టి కాల్‌లో కలిసి పాడటం మానేయండి. పాత పద్ధతే మేలు: మీరు ఒక ఆవర్తనం పాడి ఆపండి, పిల్ల తిరిగి అప్పజెబుతుంది. శ్రుతి పెట్టె వాళ్ల గదిలోనే మోగాలి, తాళం వాళ్ల చేతే వేయించాలి, మీ చెయ్యి చూసి వేయనివ్వకండి. కలిసి పాడించక తప్పదంటే మీ గొంతును తాళంతో సహా రికార్డు చేసి ముందే పంపండి, పిల్ల దాన్ని తన గదిలో స్పీకర్లో పెట్టుకుని పాడాలి, మీరు మీ మైకు ఆపి వినాలి. రెండు గొంతులూ ఒకే గదిలో కలిసి బయల్దేరతాయి కాబట్టి ఎంత ఆలస్యంగా వచ్చినా కలిసే వస్తాయి. తప్పేస్తే అప్పుడు నిజంగా పిల్లే తప్పినట్టు. జూమ్ వాడుతుంటే సెట్టింగుల్లో సంగీతకారుల కోసం ఒరిజినల్ సౌండ్ అని ఉంటుంది, అది పెట్టించండి, లేకపోతే శ్రుతిని ఫ్యాను చప్పుడనుకుని కత్తిరించేస్తుంది.

*ప్రశ్న: బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో సినిమా చూస్తే పెదవులు బాగానే కలుస్తాయి, గేమ్ ఆడితే మాత్రం తుపాకీ పేలాక చప్పుడు వస్తుంది. బడ్స్ పాడయ్యాయా? (నెల్లూరు)*

పాడవలేదు. బ్లూటూత్‌లో సౌండు వెళ్లడానికి వంద రెండొందల మిల్లీసెకన్లు పట్టడం మామూలే. సినిమా అయితే ప్లేయర్ ఆ సంగతి ముందే తెలుసుకుని బొమ్మను కూడా అంతసేపు ఆపుతుంది, తర్వాతి ఫ్రేము ఏమిటో దానికి తెలుసు. గేమ్‌లో మీరు ఎప్పుడు నొక్కుతారో ఎవరికి తెలుసు, ఆపడానికి ఏముంది? వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. కంప్యూటర్లో వీఎల్‌సీలో చూసే పాత ఫైల్లో సౌండు కలవకపోతే మాత్రం జే, కే మీటలు నొక్కి చూడండి, ఒక్కో నొక్కుకు సౌండు 50 మిల్లీసెకన్లు ఇటో అటో జరుగుతుంది.